సింహాసనమునకు గాదు, శాసనమునకు

చదువులకై, ఉద్యోగములకై సముద్రములు దాటిపోయిన మన బిడ్డలు అచ్చటి పౌరసత్వమును స్వీకరించు దినమున ఆ దేశపు రాజునకును ఆయన సంతతికిని విధేయులమై యుందుమని ప్రమాణము చేయవలసివచ్చుటయందు తప్పేమియు లేదనియు, అది వట్టి లాంఛనమనియు, రెండు వాక్యములు పలికి పత్రము పుచ్చుకొని వచ్చిన పిదప దానిని తలచువారెవరును లేరనియు మనలో నొక యభిప్రాయము పాతుకొనిపోయినది. మహారాష్ట్రమునందలి భివండిలోని పద్మనగరమున, కామత్‌ఘర్ వాడలలో, కొడుకు టొరంటోలోనో కూతురు లండనులోనో కాపురమున్న యే యింట ప్రస్తావన వచ్చినను ఈ మాటయే వినవచ్చును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పల్లెలలో చేమగ్గము విడిచి వచ్చి, ఈ యూరి కార్ఖానాలలో పగటి షిఫ్టు రాత్రి షిఫ్టు అనక సాంచాలు (మరమగ్గములు) నడపి బిడ్డలను చదివించిన తలిదండ్రులు, ఆ బిడ్డలకు విదేశమున పౌరసత్వము వచ్చినదని పొంగిపోవుట సహజము. ఆ సంతోషమును నేను తప్పుపట్టను. ఆ సంతోషపు మాటున ఒక యన్యాయమును న్యాయమని ఒప్పుకొనుచున్నందుకే నా యభ్యంతరము.

సంగతి యిది. కెనడాలో పౌరసత్వమును కోరువాడు, పదునాలుగేండ్లు నిండిన బాలుడైనను సరే, మూడవ చార్లెసు రాజునకును, ఆయన వారసులకును, ఆయన పిదప సింహాసనమెక్కువారికిని నిజమైన విధేయతతో మెలగుదునని పలికినగాని పౌరుడు కాజాలడు. బ్రిటనులోను న్యూజీలాండులోను వచనమున కొంత భేదమున్నను నియమమిట్టిదే. మన దేశమున 1955 నాటి పౌరసత్వ చట్టము ననుసరించి క్రొత్తగా భారతీయుడగువాడు చేయు ప్రమాణము వేరు. భారత రాజ్యాంగమునకు విధేయుడనై, దేశపు చట్టములను పాటించి, పౌరధర్మములను నెరవేర్తునని అతడు చెప్పును; రాష్ట్రపతి పేరుగాని, ప్రధానమంత్రి పేరుగాని, వారి బిడ్డల ఊసుగాని అందు లేదు. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని వంశమునకు లోబడుటకును, మనుష్యులందరును కలిసి యేర్పరచుకొన్న ధర్మమునకు లోబడుటకును గల అంతరమే ఈ రెండు ప్రమాణముల నడుమ నున్నది.

రాజప్రమాణమును సమర్థించువారి వాదములను వాని పూర్తి బలముతోనే మొదట చెప్పెదను. ఎదుటివాని మాటను బలహీనపరచి ఖండించుట ఖండనము కానేరదు. రాజనగా అచ్చట ఒక వ్యక్తి గాడు, ప్రజాప్రభుత్వమునకును చట్టమునకును అతడు చిహ్నము, కనుక ఆయనకు చెప్పు విధేయత చట్టమునకు చెప్పు విధేయతయే యని వారి మొదటి మాట. పరదేశమునుండి వచ్చినవాడు క్రొత్త దేశముపట్ల తన విశ్వాసమును వెల్లడింపవలెననుట రెండవది. అన్నము పెట్టిన దేశమునందు కృతజ్ఞత యుండవలెననుట మూడవది. ఇష్టపడి పోయినవాడు షరతులకు తల యొగ్గవలెననుట నాలుగవది. ఎట్లును లాంఛనమే గదా, దానికింత రాద్ధాంతమేల యనుట ఐదవది. శతాబ్దములనాటి వ్యవస్థలో ఒక యంగమును తీసివేసినచో తక్కినదంతయు కదలిపోవుననుట ఆరవది. వీనిని వరుసగా విచారింతము.

1. రాజు చిహ్నము మాత్రమే యనుట

ఈ వాదమునకు న్యాయస్థానపు ఆమోదము గూడ కలదు. కెనడాలో స్థిరనివాసులైన కొందరు ఈ ప్రమాణము తమ యంతఃకరణ స్వాతంత్ర్యమునకు భంగకరమని వ్యాజ్యెము వేయగా, 2014లో ఒంటారియో అప్పీలు న్యాయస్థానము, ప్రమాణములో అప్పుడు పేర్కొనబడిన ఎలిజబెతు రాణి ఒక వ్యక్తిగా గాక దేశపు ప్రభుత్వ వ్యవస్థకు చిహ్నముగా నున్నదనియు, కాబట్టి రాజ్యాంగ విరోధము లేదనియు తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యెమును విచారణకు స్వీకరింపలేదు.

తీర్పును గౌరవించుచునే దాని తర్కమును ప్రశ్నింపవచ్చును. చిహ్నమునకు కొడుకులును మనుమలును ఉందురా? వారసుల ప్రసక్తి వచ్చిన చోటనే ఆ ప్రమాణము ఒక భావమును విడిచి ఒక కుటుంబమును పట్టుకొన్నది. 2022 సెప్టెంబరు 8వ తేదీన ఎలిజబెతు రాణి మరణించినంతనే ప్రమాణములోని పేరు మారిపోయెను. కెనడా దేశపు హక్కుల పత్రము మారలేదు, చట్టములు మారలేదు, ప్రజలు మారలేదు. మారనివాని పట్ల విధేయతయే ఉద్దేశమైనచో మారిపోవు పేరుతో పని యేమి? చట్టమును చట్టమనియే పిలువగల భాష యుండగా, దానికి మారుగా ఒక మనుష్యుని నిలువబెట్టి, ఆ మనుష్యుని మనుష్యునిగా చూడవలదని చెప్పుట బుద్ధికి విధించు అనవసరమైన శిక్ష.

అంతేకాదు. చిహ్నమును అంగీకరించుట వేరు, విధేయత చెప్పుట వేరని లోకమునకు చూపినది మన దేశమే. 1949 ఏప్రిలులో లండనున సమావేశమైన కామన్వెల్తు దేశముల నాయకులు, గణతంత్రము కానున్న భారతదేశము ఆ కూటమిలో కొనసాగుట కొప్పుకొనుచు, స్వతంత్ర దేశముల స్వేచ్ఛాసఖ్యమునకు బ్రిటిషు రాజు చిహ్నమని భారతదేశము గుర్తించునని ప్రకటించిరి. రాజునకు విధేయత చూపవలెనను నిబంధన భారతదేశముపై పెట్టలేదు. బ్రిటిషు ప్రభుత్వమే సమ్మతించిన ఈ వివేచనము ఒక మహాదేశమునకు చెల్లినపుడు, ఆ దేశమునుండి పోయిన ఒంటరి మనుష్యునకేల చెల్లదు?

2. వచ్చినవాడు విశ్వాసమును చూపవలెననుట

చూపవలసినదే. కాని యెవరికి, ఎవరితో సమానముగా? కెనడాలో పుట్టినవాడు జీవితమంతయు రాజరికమును నిరసించుచు వ్రాయవచ్చును, దానిని రద్దు చేయవలెనని ఊరూర ఉపన్యసింపవచ్చును. పౌరుడగుటకు మాత్రము అతడు ఒక్క మాటయైన పలుకనక్కరలేదు. విశ్వాసమునకు ప్రమాణమే కొలతయైనచో ఆ కొలత అందరికిని ఉండవలెను. వలసవచ్చినవానికి మాత్రమే ఉన్నచో, అనుమానమును చట్టముగా వ్రాసిపెట్టినట్లే యగును. అట్టి అనుమానము ఊళ్ళనేమి చేయునో భివండికి ఒకరు చెప్పనక్కరలేదు. 1970లోను, మరల 1984లోను ఈ పట్టణము మతకలహములలో కాలినది. నీ విశ్వాసమును నాకు నిరూపింపుమని పొరుగువాని నిలదీయు అహంకారము ఎంతవరకు పోగలదో ఆ దినములను చూచిన వృద్ధులెరుగుదురు.

మన రాజ్యాంగము వేరొక మార్గమున పోయినది. అది 1950 జనవరి 26వ తేదీన పూర్తిగా అమలులోనికి వచ్చునాటికి పౌరులెవరన్న ప్రశ్నకు ఐదవ అధికరణము సమాధానము చెప్పియుండెను. ఈ దేశమున స్థిరనివాసము కలిగి, ఇచ్చట పుట్టినవాడును, తలిదండ్రులలో ఒకరు ఇచ్చట పుట్టినవాడును, ఐదేండ్లుగా ఇచ్చట వసించుచున్నవాడును పౌరుడే. 1948 సెప్టెంబరు వరకు నైజాము ప్రభువు ప్రజలై యుండినవారును, పొట్టకూటికై ఆ రాజ్యము విడిచి బొంబాయి రాష్ట్రమునకు వచ్చిన మన చేనేత కుటుంబములును ఈ విధముగనే పౌరులైరి. వారిని వరుసగా నిలువబెట్టి ఎవరును ప్రమాణము చేయింపలేదు. నిన్నటివరకు వేరొక ప్రభువు ప్రజలని వారిని శంకింపలేదు. అందువలన దేశమునకు వాటిల్లిన లోపమేమి?

సాంచా మీద పాత బీము, అనగా పడుగు చుట్టిన దూలము, అయిపోయి క్రొత్త బీము ఎక్కించినపుడు, అచ్చు అతుకువాడు వేలకొలది పోగులను ఒక్కొక్కటిగా వ్రేళ్ళ నడుమ పట్టి, క్రొత్త పోగు కొనను పాత పోగు కొనతో చేర్చి మెలివేయును. అతుకు పోగునకును పోగునకును నడుమనే గాని, పోగునకును కార్ఖానా సేఠునకును నడుమ గాదు. పౌరసత్వమును ఇట్టిదే. క్రొత్తగా చేరినవాడు ముందునుండి యున్న పౌరులతో కలియుచున్నాడు. వారు దేనికి కట్టుబడిరో దానికే అతడును కట్టుబడవలెను, అంతకు ఎక్కువకును గాదు, తక్కువకును గాదు.

3. ఉప్పు తిన్న విశ్వాసమనుట

మనవారి మనస్సును అన్నిటికంటె ఎక్కువగా కరగించు మాట యిది. కావుననే అన్నిటికంటె ఎక్కువగా పరీక్షింపవలసినదియు నిదియే. మన బిడ్డ అచ్చట తినుచున్నది తన కష్టార్జితము. ఆసుపత్రిలో రాత్రులు మేలుకొని, కార్యాలయములో కన్నులు కాయలు కాచునట్లు పనిచేసి, సంపాదనలో పన్ను చెల్లించి తినుచున్నాడు. ఆ రాజు పేరిట నడచు ప్రతినిధుల భవనములును, ఉత్సవములును ఆ పన్నులతోనే నడచుచున్నవి. ఇందు ఎవరి యుప్పు ఎవరు తినుచున్నట్లు?

ఈ ఉప్పు మాట మనకు క్రొత్త గాదు. నైజాము రాజ్యమున సకల వృత్తులవారిచేతను వెట్టి చేయించుకొన్న దొరల గడీలు ఈ మాట మీదనే నిలిచినవి. మీటరు లెక్కన పగారు తీసికొను పనివాడు కూలి పెంచుమని యడిగినపుడు, కష్టకాలమున ముందుగా ఇచ్చిన బాకీని జ్ఞప్తికి తెచ్చి అతని నోరు మూయించుట ఈ భివండిలోను కలదు. బాకీ పేరిట మనుష్యుని కట్టివేయుటను మనమెన్నడును కృతజ్ఞత యనలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతరము పాడినందుకు బహిష్కృతులై, నాగపురము చేరి చదువు కొనసాగించిన విద్యార్థులు, పి.వి. నరసింహారావు మొదలగువారు, ప్రభువు పేరనే వెలసిన విద్యాలయమున చదువుచుండినవారే. వారిని కృతఘ్నులని నేడెవడైన అనునా? కృతజ్ఞత హృదయమునుండి పుట్టవలెను. చట్టము దానిని ఆజ్ఞాపించిన క్షణముననే అది కప్పముగా మారిపోవును. దేశమునకు కృతజ్ఞత చూపుటకు మార్గములు వేయి కలవు: చట్టమును పాటించుట, పన్ను ఎగవేయకుండుట, పొరుగువాని యాపదకు నిలుచుట. ఇవి ప్రజలకు ప్రజలు తీర్చుకొను ఋణములు. వీనికి రాజవంశము మధ్యవర్తి కానక్కరలేదు.

4. ఇష్టపడియే పోయినాడనుట

షరతును ఒప్పుకొనినంత మాత్రమున షరతు న్యాయమగునా? అట్లైనచో ప్రపంచమున అన్యాయమైన ఒప్పందమే యుండదు. దేశపు భాష కొంత తెలియవలెను, చరిత్ర తెలియవలెను, కొన్నేండ్లు అచ్చట నివసింపవలెను అను షరతులు పౌరజీవితమునకు సంబంధించినవి. ఒక వంశమునకు విధేయత ఆ జీవితములో దేనికిని సంబంధింపదు. ఇక స్వేచ్ఛ మాట. కెనడాలో పన్నులన్నియు చెల్లించుచు, బిడ్డలను అచ్చటనే పెంచుకొనుచు, ఆ దేశపు పార్లమెంటు ఎన్నికలలో మాత్రము ఓటు లేక యుండుట యొక మార్గము. మనస్సాక్షిని ప్రక్కకు నెట్టి ప్రమాణము చేయుట రెండవ మార్గము. ఓటుహక్కును ఒక చేతను, అంతఃకరణమును మరియొక చేతను పట్టి, ఒకటి విడిచినగాని రెండవది దక్కదని చెప్పి, దానిని స్వేచ్ఛ యనుట సత్యము గాదు. పదునాలుగేండ్ల బాలుని విషయమున ఈ స్వేచ్ఛ మాట మరింత నిరాధారము. అతడు తలిదండ్రుల వెంట పోయినాడేగాని తాను కోరి పోలేదు.

ట్రినిడాడున పుట్టి 1955లో కెనడా చేరి, టొరంటోలో న్యాయవాదిగా నల్లజాతివారి హక్కులకై జీవితమంతయు పోరాడిన చార్లెసు రోచ్, తన పూర్వులను బానిసలుగా చేసిన సామ్రాజ్యపు సింహాసనమునకు విధేయత చెప్పజాలనని నిరాకరించి, ఆ ప్రమాణమునకు వ్యతిరేకముగా న్యాయస్థానముల మెట్లెక్కి, 2012లో కెనడా పౌరుడు కాకుండగనే కన్నుమూసెను. అర్ధశతాబ్దికి పైగా ఆ దేశమునకు సేవ చేసినవానిని వెలుపల నిలిపి, పెదవి చివర రెండు మాటలు పలికినవానిని లోనికి రానిచ్చిన నియమము విశ్వాసమును గుర్తించు నియమమెట్లగును?

5. వట్టి లాంఛనమనుట

ఈ వాదము తన్ను తానే ఖండించుకొనును. లాంఛనమే యైనచో తీసివేయుటకు అభ్యంతరమేల? తీసివేయుటకు అంత అభ్యంతరమున్నచో అది లాంఛనమెట్లగును? రెండింటిలో ఏదో యొకటి చెప్పవలెను. రెండును చెప్పుట వీలుగాదు.

తెలుగువానికి ప్రమాణము ఎన్నడును ఆటవస్తువు గాదు. చిత్తూరు జిల్లా కాణిపాకమున వరసిద్ధి వినాయకుని సన్నిధిని నేటికిని వివాదములు తీరుట కలదు. నేరము చేయలేదని బొంకుచున్నవాడు గూడ కోనేట మునిగి తడిబట్టలతో స్వామి యెదుట నిలువవలసిన వేళ వచ్చుసరికి వెనుదీయునని ఆ ప్రాంతపు జనుల విశ్వాసము. అబద్ధమాడగలవాడే ప్రమాణమునకు భయపడుచున్నాడనగా, ప్రమాణమను వ్యవస్థ ఎంతటి నైతికబలముపై నిలిచియున్నదో గ్రహింపవచ్చును. సత్యమునకై రాజ్యమును, ఆలిని, బిడ్డను విడిచిన హరిశ్చంద్రుని కథను తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన జాతి, నోట నొకటి మనస్సున నొకటి పెట్టుకొని ప్రమాణము చేసి రమ్మని బిడ్డలకు బోధించుట యే ధర్మము?

ప్రమాణము చేయించువారి చేతనే ఈ ప్రమాణము ఎంత డొల్లయైపోయినదో కూడ చూడుడు. చేసిన పిదప దాని రాజభాగమును బహిరంగముగా నిరాకరించుటకు పౌరునకు స్వేచ్ఛ గలదని ఒంటారియో న్యాయస్థానములే చెప్పినవి. వ్యాజ్యెము వేసినవారిలో నొకరైన టొరంటో విశ్వవిద్యాలయ గణితాచార్యుడు డ్రోర్ బార్-నాతాన్ 2015 నవంబరులో ప్రమాణము చేసి, వెనువెంటనే రాజవిధేయతను నిరాకరించుచున్నానని ప్రకటించెను. ఆయన పౌరసత్వము చెక్కుచెదరలేదు. చేసిన నిమిషముననే విడువదగిన ప్రమాణమును చేయించు రాజ్యము తన న్యాయస్థానములలో సాక్షులు చేయు ప్రమాణములకు ఏ గౌరవమును అడుగగలదు? అసత్యమునకు అలవాటుపడి పౌరజీవితమును ఆరంభించినవాడు చట్టము నెడల నిజమైన భక్తి నెట్లు నేర్చుకొనును?

6. తీసివేసినచో వ్యవస్థ కదలుననుట

ఈ భయమునకు అనుభవమే సమాధానము. ఆస్ట్రేలియా 1994 జనవరి నుండి పౌరసత్వ ప్రతిజ్ఞలో రాణి పేరును తొలగించి, దేశమునకును దాని ప్రజలకును విధేయతను, వారి ప్రజాస్వామ్య విశ్వాసములను, హక్కులను, చట్టములను పెట్టెను. రాజరికము కూలినదా? 1999 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆస్ట్రేలియా ప్రజలు గణతంత్రమును త్రోసిపుచ్చి రాణినే నిలుపుకొనిరి. క్రొత్త పౌరుల ప్రమాణము లేకయే సింహాసనము నిలిచినది. నేటికిని ఆ దేశమున చార్లెసు రాజే రాజు. ఐర్లండు తన శాసనసభ్యుల రాజప్రమాణమును 1933లో రద్దు చేసెను. కెనడాలోనే క్వెబెక్ శాసనసభ 2022 డిసెంబరులో తన సభ్యులకు రాజప్రమాణము నిర్బంధము కాకుండ చట్టము చేసెను. ఆ కెనడాయే 2021లో తన పౌరసత్వ ప్రమాణమును సవరించి మూలవాసుల ఒడంబడిక హక్కులను అందు చేర్చెను. అనగా ఆ పాఠము శిలాశాసనమేమియు గాదు. బ్రిటనులో 2004 నుండి నడచుచున్న పౌరసత్వ సభలలో రాజప్రమాణముతో పాటు, దేశపు హక్కులను, స్వాతంత్ర్యములను, ప్రజాస్వామ్య విలువలను గౌరవింతునను ప్రతిజ్ఞ యొకటి వేరుగా కలదు. పౌరుని నుండి దేశము కోరదగినదంతయు ఆ రెండవదానిలోనే యున్నది. మొదటిది లేకున్నచో కొరత పడునది ఏదియో సమర్థకులు చెప్పవలెను, ఇంతవరకు చెప్పలేదు.

7. ప్రమాణము చేయవలసినదెవరు?

ఆరు వాదములకును అడుగున ఒకే భ్రాంతి కలదు: ప్రజలు పాలకునకు బద్ధులనుట. ప్రజాస్వామ్యమున ఈ బంధము తలక్రిందుగా నుండవలెను, మన నేలమీద ఉన్నది గూడ. 1911 నుండి హైదరాబాదును ఏలిన నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950 జనవరి 26వ తేదీన ఆ రాష్ట్రపు రాజప్రముఖుడై, రాజ్యాంగమును సంరక్షింతుననియు, ప్రజాసేవకు అంకితుడనగుదుననియు ప్రమాణము చేసెను. ఆయన ప్రజలైయుండిన నేతగాండ్రు, రైతులు, కూలీలు ఆనాడు ఎవరికిని ఏ ప్రమాణమును చేయలేదు. ఇంగ్లండున గూడ 2023 మే 6వ తేదీన పట్టాభిషేక సమయమున చార్లెసు రాజు ప్రజలను వారి చట్టముల ననుసరించి పాలింతునని ప్రమాణము చేసెను. రాజే చట్టమునకు లోబడియున్నపుడు, చట్టమునకు నేరుగా లోబడగల పౌరుని మరల రాజునకు లోబరచుటలో నర్థమేమి?

1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో ప్రసంగించుచు అంబేద్కరు, రాజకీయములలో వ్యక్తిభక్తి పతనమునకును తుదకు నియంతృత్వమునకును దారితీయునని హెచ్చరించెను. ఎన్నుకొన్న నాయకునిపట్లనే ఆ భక్తి కూడదన్నవాని దేశమునుండి పోయి, ఎవరును ఎన్నుకొనని వంశమునకు భక్తి చెప్పుట మనకు తగదు.

కనుక నేను కోరునదిది. క్రొత్త పౌరుడు తాను చేరిన దేశపు రాజ్యాంగమునకును, చట్టములకును, ప్రజలకును కట్టుబడియుందునని చెప్పవలెను. రాజుపేరు, వారసుల పేరు ఆ మాటలనుండి తొలగవలెను. తొలగువరకు, కనీసము మనస్సాక్షి యొప్పనివారికి వేరొక పాఠము లభింపవలెను. గతిలేక ప్రమాణము చేసిన మన బిడ్డలను నేను నిందింపను. వారినట్లు చేయించిన చట్టమును నిందింతును. కెనడా, బ్రిటను, న్యూజీలాండులలోని తెలుగు సంఘములు పండుగ సభలతో తృప్తిపడక, పౌరులుగా తమకు దక్కిన ఓటును ఈ మార్పునకై వినియోగింపవలెను. ఇచ్చట మనము, దానిదేమున్నది, రెండు మాటలు అనివేసి రమ్మని బిడ్డలకు చెప్పుట మానవలెను. పౌరుడు చట్టమునకు కట్టుబడవలెను, చట్టము ప్రజలకు కట్టుబడవలెను, పాలకుడు ఆ రెండింటికిని కట్టుబడవలెను. ఈ వరుసలో విధేయత నడుగు హక్కు ఏ వంశమునకును లేదు.